వైరాగ్యవేషమున భయము

మరణభయమును గూర్చి మన గ్రంథములలో విస్తారముగ చెప్పబడియున్నది. దానిని గూర్చి ఉపన్యసించువారును, శ్రద్ధతో వినువారును మనలో అనేకులు కలరు. ఆ శ్రోతలలో ఒకరికి దవడపన్ను పుచ్చినదనుకొనుడు. మూడు నెలలు లవంగతైలముతోను, ఆరు నెలలు ఎడమప్రక్కనే నమలుటతోను కాలము గడపుదురు గాని, దంతవైద్యుని గుమ్మము త్రొక్కరు. ఏమని యడిగిన, తీరిక లేదందురు. కొంచెము గట్టిగ నడిగిన, "ఈ దేహమెన్నాళ్లుండునది? ఒక పంటికొరకు ఇంత ఆరాటమా?" అందురు. మృత్యువును గూర్చి అంత తేలికగ మాటలాడువారు ఒక చిన్న సూది యెదుట ఏల వెనుకంజ వేయుచున్నారు? ఆధ్యాత్మిక పత్రికలో పండ్లను గూర్చిన ప్రసంగమేమని కొందరు పాఠకులు నవ్వవచ్చును. నవ్విన మంచిదే, ఏ పన్ను పుచ్చినదో కనబడును.

పెద్దభయమును గూర్చి విచారించుట సులభము. అది దూరమున నున్నది. మరణము ఎప్పుడో వచ్చునని మనము నమ్మియున్నాము. దంతవైద్యుడో, గురువారము పది గంటలకు రమ్మనినాడు. తేదీ, గంట నిర్ణయమైన భయము వేఱు. దానియెదుట మన వేదాంతము ఎంతవరకు మనదైనదో, ఎంతవరకు పుస్తకములోనే యున్నదో తేలిపోవును. ఈ కారణముచేతనే చిన్నభయము సాధకునకు పెద్దభయముకంటె ఎక్కువ ఉపయోగపడునని నా తలంపు.

గీతలో మొదటి యధ్యాయమున అర్జునుడు తన స్థితిని తానే వర్ణించుకొనినాడు. అవయవములు పట్టు దప్పుట, నోరెండుట, మేను వణకుట, గగుర్పాటు, నిలువజాలకపోవుట. దంతవైద్యశాలలో బల్లపై కూర్చుండి తన వంతుకొరకు ఎదురుచూచువానిని అడిగినచో, ఇంచుమించు ఇవే చెప్పును. అర్జునునిది ఉత్త పిరికితనమని నేననుట లేదు. అతని దుఃఖము గాఢమైనది, కారణము కలది. నేను చూపదలచినది వేఱొకటి. ఈ లక్షణములను చెప్పిన వెంటనే అతడు ధర్మశాస్త్రము చెప్పనారంభించెను. కులధర్మములు, పిండోదకములు, భిక్షాన్నమే మేలనుట, ఒకటొకటిగ అన్నియు వచ్చినవి. శ్రీకృష్ణుడు ఆ వాదమును వాదముగ స్వీకరించలేదు. మాటలు పండితులవి, శోకము పామరునిది యని భావము వచ్చునట్లు పలికి, ఆ తరువాతనే ఉపదేశమునకు దిగెను. ఏలయన, వణకు ముందు వచ్చినది, తత్త్వము తరువాత వచ్చినది. కాళ్లు వెనుకకు పోవుచుండగా నోరు వాటికి కారణములు వెదకిపెట్టుచున్నది.

భయము తన పేరు తాను చెప్పుకొనదు. గృహస్థుని నోట అది తీరికలేమి యగును, పొదుపరి నోట ధనవ్యయ మగును, భక్తుని నోట వైరాగ్య మగును. ఈ మూడవది మిక్కిలి అపాయకరము. మొదటి రెండింటిని ఇంటివారు ఖండింపగలరు. మూడవదానికి అందరును నమస్కరింతురు.

ఈ సందర్భమున తితిక్ష యను మాట తఱచు వినవచ్చును. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణిలో తితిక్షకు చెప్పిన లక్షణమున మూడంశములు కలవు. దుఃఖములనన్నిటిని ఓర్చుట, ప్రతీకారమునకు పూనుకొనకుండుట, చింతగాని విలాపముగాని లేకుండుట. పంటినొప్పితో బాధపడుచు వైద్యునియొద్దకు పోనివారు రెండవ యంశమును పట్టుకొందురు. ప్రతీకారము చేయరాదు గదా, చికిత్స ప్రతీకారమే గదా యని వారి వాదము. వినుటకు బాగుగనే యున్నది. కాని మూడవ యంశము మాట యేమి? రాత్రి రెండు గంటలకు లేచి, దవడకు గుడ్డ కట్టుకొని, ఇల్లంతయు పచార్లు చేయుచు, "రేపు పోవలయునా, మానవలయునా" యని తెల్లవార్లు తర్కించుకొనువానికి చింత లేదని యెవరనగలరు? చింత మిగిలియున్నంతవరకు అది తితిక్ష కాదు, వాయిదా. నిజముగ తితిక్షగలవాడు పంటిని గూర్చి ఆలోచింపనే ఆలోచింపడు. ఎవరైన వైద్యునియొద్దకు కొనిపోయిన పోవును, కొనిపోకున్న ఊరకుండును. రెండింటియందును అతని నిద్ర చెడదు. మనకు నిద్ర చెడుచున్నచో, వైద్యునియొద్దకు పోవుటయే మనకు విధింపబడిన సాధన.

భయమునకు మూలము నొప్పియే కదా, నొప్పికి భయపడుట ప్రాణిధర్మమే కదా యని ఆక్షేపింపవచ్చును. నొప్పియే మూలమా? దీనిని పరీక్షించుటకు బస్తరు సీమకంటె తగిన తావు నాకు తోచుట లేదు. తెలుగువారికి అది పరాయిసీమ కాదు. ఓరుగల్లు 1323లో పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరిని దాటి అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ వంశమువారి సంప్రదాయము. 1703 నాటి దంతెవాడ శాసనము ఆ వంశక్రమమును చెప్పుచున్నది. నేటికిని భోపాలపట్టణము, కోంట ప్రాంతములలో తెలుగు వినవచ్చును. దోర్లలు మాటలాడు పలుకులో తెలుగు ఛాయలు కలవు. ఇక దంతెవాడయందలి అధిదేవత పేరే దంతేశ్వరి. శంఖిని, డంకిని నదులు కలియుచోట ఆమె గుడి యున్నది. దక్షయజ్ఞమున దేహత్యాగము చేసిన సతీదేవి దంతము పడిన తావదియే యని జనుల విశ్వాసము. పంటిని గూర్చి మాటలాడుటకు ఇంతకన్న పవిత్రమైన స్థలమేది?

అన్నమదేవుని గూర్చి అచ్చట ఒక కథ చెప్పుదురు. దేవి అతని వెంట వచ్చుటకు అంగీకరించినదట. నేను వచ్చునంతదూరము నీ రాజ్యము, వెనుదిరిగి మాత్రము చూడరాదు అని నియమము పెట్టినదట. అందెల సవ్వడి వినుచు అతడు ముందుకు సాగెను. ఒక నదియందలి యిసుకలో పాదములు కూరుకొని అందెలు మ్రోగకపోయెను. దేవి నిలిచిపోయినదేమో యని అతడు వెనుదిరిగి చూచెను. ఆమె అచ్చటనే ఆగిపోయెను. రాజ్యము కోల్పోయి, అడవులబడి, శత్రువుల నడుమనుండి వచ్చినవానిని కలతపెట్టినది కత్తి కాదు, కేకయు కాదు. ఒక్క క్షణము చప్పుడు లేకపోవుట. ఆ నిశ్శబ్దమును అతని మనస్సు తన కల్పనతో నింపినది. కథలో దేవి ఎక్కడికిని పోలేదు. వెంటనే యున్నది.

నొప్పి మాటకు వత్తును. బస్తరులోని గోండు, మురియా స్త్రీలు చిన్ననాటనే ఒడలిపై పచ్చబొట్లు పొడిపించుకొనుట పూర్వాచారము. చేతులపైన, కాళ్లపైన, కొందరికి నుదుటిపైన కూడ. సూదులు ఎన్ని పోట్లు పొడుచునో లెక్క లేదు, మత్తుమందు లేదు. తక్కిన నగలన్నియు ఇక్కడనే మిగిలిపోవును, ఈ నగ యొక్కటే మరణానంతరము వెంట వచ్చునని వారి నమ్మకము. అట్టి స్త్రీ నడివయస్సున పంటినొప్పి వచ్చినప్పుడు చిగురులో వేయు ఒక్క సూదికి భయపడి వెనుకకు పోవుట కలదు. ఇది పిరికితనమని యెవరనగలరు? అన్ని పోట్లు ఓర్చిన దేహమే గదా ఇదియును. భేదమెచ్చటనున్నది? పచ్చబొట్టు పొడుచు స్త్రీని ఊరివారందరు ఎరుగుదురు. ప్రక్కన తల్లి కూర్చుండును, వదినెలు హాస్యములాడుదురు. ఆ నొప్పికి ఒక అర్థము కలదు, ఒక చుట్టరికము కలదు. దంతశాలలోని నొప్పికి అవి రెండును లేవు.

ఆ స్త్రీ అప్పుడేమి చేయును? అంగడిలో చిన్న డబ్బీలో దొరకు గుడాఖూను కొని చిగుళ్లకు రాచుకొనును. పొగాకును బెల్లపు మడ్డిని కలిపి చేసిన ముద్ద యది. ఛత్తీస్‌గఢు అంతటను వాడుకలో నున్నది. రాచిన కొంతసేపు నొప్పి తెలియదు, తల కొంచెము తిరుగును. మరునాడు మరల రాయవలయును. కొన్నాళ్లకు నొప్పి లేకున్నను రాయవలయును. వేపపుల్లతోను, కానుగపుల్లతోను పండ్లు తోముకొనుచున్నవారి చేతికి ఈ డబ్బీ వచ్చినది. నాకు తోచినంతవరకు నగరవాసియగు విద్యావంతుడు వేసుకొను నొప్పిమాత్రకును, ఈ గుడాఖూకును తత్త్వమున భేదము లేదు. చూడకుండుటకు వెచ్చించు మూల్యము రెండింటికిని ఒక్కటే.

నొప్పియే భయమునకు మూలమైనచో, నొప్పి పోయిననాడు భయమును పోవలయును. నొప్పి పోయి చాలకాలమైనది. 1844 డిసెంబరు 11వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున హొరేసు వెల్సు అను దంతవైద్యుడు నైట్రసు ఆక్సైడు వాయువును పీల్చి తన పంటినే తీయించుకొనెను. మరుసటి నెలలో బోస్టనునందు విద్యార్థుల యెదుట అది ప్రదర్శింపబోగా, రోగి అరచుటచే అందరును మోసమని ఎగతాళి చేసిరి. 1846లో మార్టను అను మరియొక దంతవైద్యుడు ఈథరుతో జయము పొందెను. రెండేండ్లకు, 1848లో, వెల్సు చెరసాలలో ఆత్మహత్య చేసికొనెను. ఇతరుల బాధను తీర్చగోరిన ఆ మనుష్యుని యంతరంగబాధకు మందు దొరకలేదు. రోగిని పూర్తిగ నిద్రపుచ్చకయే పంటిచుట్టు మాత్రము స్పర్శ పోగొట్టు విధానము 1884 తరువాత వచ్చినది. 1905 ప్రాంతమున నోవకేను, 1940-50 మధ్య స్వీడను దేశమునుండి లిడొకేను వచ్చినవి. ఆ లిడొకేనునే నేడు మన జిల్లా ఆసుపత్రులలో కూడ వాడుచున్నారు. శస్త్రచికిత్సాలోకమునకు నొప్పిలేమిని దానము చేసినవారు దంతవైద్యులు. నేటికిని లోకము భయపడునది వారికే. నొప్పి తొలగినది, భయము ఆసనము దిగలేదు.

బృహదారణ్యకమున సృష్ట్యాదిని గూర్చి చెప్పుచు, ఒంటరిగ నున్న ప్రజాపతి భయపడెనని శ్రుతి చెప్పుచున్నది. ఇది నాకు మిక్కిలి ఓదార్పు గూర్చిన ఘట్టము. మొదటి పురుషునకే భయము కలిగినది. శ్రుతి అతనిని నిందింపలేదు, ధైర్యము చెప్పలేదు. అతడు పాఱిపోలేదు కూడ. నాకంటె వేఱొకటి లేదు గదా, నేను దేనికి భయపడుచున్నానని విచారించెను. విచారింపగానే భయము తొలగెను. రెండవదానివలననే భయమని అచ్చటి సిద్ధాంతము. అద్వైతులు దీనిని పరమార్థమున వ్యాఖ్యానింతురు, అది యుచితమే. దంతశాలలోని కుర్చీలో సైతము ఇది అక్షరాల సత్యమని నేను విన్నవించెదను. వెల్లకిల పరుండబెట్టిరి, నోరు తెరువుమనిరి, మాటలాడుటకు వీలు లేదు, పరాయిచేయి యొకటి నోటిలో ప్రవేశించినది. అన్నము, మంత్రము, మాట, శ్వాస అన్నియు నడచు ద్వారమది. దానిని రెండవవానికి అప్పగించి కన్నులు మూసికొనవలెను. భయపడునది పన్ను కాదు. ఈ ద్వారమునకు నేను యజమానుడననుకొనుచున్నవాడు భయపడుచున్నాడు.

పాలపన్ను ఊడిన పిల్లవాడు దానిని ఇంటికప్పుపై విసరివచ్చి, చిగురులోని సందును వీధివారందరికి చూపును. రక్తమును చూచి కొంచెము బెదరినను, అంతలోనే సంతోషము. పోయినది పన్నే, పోవుటయు నిజమే. "నాది" యను పట్టు అప్పటికింకను గట్టిపడలేదు.

విచారమనగా కన్నులు మూసికొని ధ్యానించుటయే కాదు. ఉన్నది ఉన్నట్లు తెలిసికొనుట కూడ విచారమే. పంటి పైపొరయందు నాడులు లేవు. పుచ్చు ఆ పొరలో నున్నంతకాలము నొప్పి పుట్టదు, దానిని బాగుచేయుటయు ఇంచుమించు నొప్పిలేని పని. పుచ్చు లోనికి దిగి నాడిని సమీపించిన తరువాతనే బాధ. అనగా నొప్పి వచ్చువరకు వేచియుండువాడు సులభమైన చికిత్సను కష్టమైన చికిత్సగ మార్చుకొనుచున్నాడు. ఇంతటితో ఆగదు. చీముపట్టి వాచినచోట ధాతువు ఆమ్లగుణము పొందును. అట్టిచోట మత్తుమందు చక్కగ పనిచేయదు. భయముచే ఆలస్యము చేసినవానికి, ఆ యాలస్యముచేతనే, నిజముగ నొప్పి కలుగును. కలిగినంతనే, "నేను భయపడుట సరియే" యని అతడు నిశ్చయించుకొనును. రెండవసారి ఇంకను ఆలస్యము చేయును. సంసారచక్రమును గూర్చి పెద్ద యుపమానములు వెదకనక్కరలేదు. ఇదొకటి మన దవడలోనే తిరుగుచున్నది. మరియొక సంగతి. మత్తుమందు నొప్పిని పోగొట్టును గాని ఒత్తిడిని పోగొట్టదు. పన్ను కదలించునప్పుడు లాగినట్లు, నొక్కినట్లు తెలియుచునే యుండును. ఈ భేదము ముందుగ ఎరుగనివాడు ఒత్తిడినే నొప్పి యనుకొని కేకవేయును.

దక్షిణబస్తరున జరిగిన ఒక పంటివైద్యశిబిరమును నేను చూచితిని. బడియావరణలో చెట్టుక్రింద రెండు కుర్చీలు వేసి, పట్టణమునుండి వచ్చిన యువవైద్యులు పండ్లు చూచుచుండిరి. అరువదియేండ్ల దోర్ల రైతు ఒకడు దవడ వాచి వరుసలో నిలుచుండెను. వంతు రాగానే వెనుకకు పోయెను. మరల వచ్చి చివర నిలిచెను, వంతు రాగానే మరల పోయెను. అచ్చట మితానిన్ యొకతె యుండెను. ఛత్తీస్‌గఢు ప్రభుత్వము 2002లో ఆరంభించిన పథకమున ఊరూర పనిచేయుచున్న ఆరోగ్యసేవికలకు ఈ పేరు. దేశమంతటను ఆశా కార్యకర్తలు 2005 తరువాత ఏర్పడిరి. వారికి ముందు అడుగిది. మితానిన్ అనగా ఆ భాషలో నెచ్చెలి. ఉద్యోగమునకు ఇంతమంచి పేరు పెట్టిన ప్రభుత్వమును మెచ్చుకొనవలసినదే.

ఆమె అతనిని మందలింపలేదు. "నొప్పికా తాతా భయం?" అని యడిగెను.

"నొప్పికి కాదమ్మా. నోరు తెరిచి పడుకుంటే, వద్దు అనడానికైనా ఉండదు గదా!" అనెను.

ఆమె వైద్యునితో నేదో మాటలాడి వచ్చి, "నోటితో అనలేకపోతే చెయ్యెత్తు తాతా. నువ్వు చెయ్యెత్తితే ఆయన ఆగుతాడు. ఆగకపోతే నేను ఆపుతాను" అని అతని ప్రక్కన నిలిచెను. ముసలివాడు కుర్చీలో కూర్చుండెను. వైద్యుడు అద్దము నోటిలో పెట్టగానే చెయ్యెత్తెను. వైద్యుడు ఆగెను. సూది చూపగానే మరల ఎత్తెను, ఆగెను. సూది వేసిన పిదప మూడవమారు ఎత్తి, ఆగునా యని చూచి, దించివేసెను. ఆ తరువాత పన్ను వచ్చువరకు చెయ్యెత్తలేదు. మూడుమారులును అతనికి నొప్పి లేదు. మాట నిలుచునో లేదో పరీక్షించుకొనినాడు.

దేవతామూర్తుల అభయహస్తమును మనము నిత్యము చూచుచున్నాము. భయపడినవాని చేయియు అట్లే పైకెత్తబడునని, దానిని చూచి ఎదుటివాడు ఆగవలయునని నాకు ఆ చెట్టుక్రింద స్ఫురించినది. గీతలోని పదునాఱవ యధ్యాయమున దైవీసంపద అభయముతో మొదలగును. దానిని మనము పొందవలసిన గుణముగనే చదువుదుము. ఇచ్చుట యను మాట మఱచితిమి. సన్న్యాసము స్వీకరించువాడు సర్వభూతములకు అభయమిచ్చుట యాచారము. అది కాషాయము ధరించినవారికి మాత్రమే చాలునా? రోగి నోటియందు చేయిపెట్టు ప్రతివైద్యుడును అట్టి ప్రతిజ్ఞ చేయవలసినవాడే. "ఇప్పుడిది చేయబోవుచున్నాను, ఇంతసేపు పట్టును, ఇట్లుండును" అని ముందుగ చెప్పుటకు అర నిమిషము పట్టును. వరుసలో నూరుమంది యున్నారన్నది నిజమే. ఐనను ఆ అర నిమిషము లోపించుటచే ఎన్ని పండ్లు పుచ్చుచున్నవో!

మన సంప్రదాయమున మరియొక దృష్టాంతము కలదు. దానిని జాగ్రత్తగ వాడవలెను. స్వామి తురీయానందులు మధుమేహపీడితులై, వ్రణమునకు శస్త్రచికిత్స జరిగినప్పుడు క్లోరోఫారము లేకయే ఓర్చిరని ప్రసిద్ధి. దేహమునుండి మనస్సును మరల్చుకొనగలవారి మాట యది. ఆ కథను భయపడుచున్నవాని చెవిలో చెప్పి, "ఆయన అంత ఓర్చినాడు, నీకింతమాత్రము చేతకాదా?" యనుట క్రౌర్యము. అతనికి భయముతోపాటు సిగ్గు కూడ కలుగును; సిగ్గుపడినవాడు వైద్యునియొద్దకు అసలే పోడు. మత్తుమందు కోరుట దౌర్బల్యమా యని సాధకులు కొందరు అడుగుచుందురు. సుశ్రుతుడు శస్త్రకర్మకు ముందు రోగికి భోజనము పెట్టవలెననియు, మద్యపానము అలవాటుగలవానికి మద్యమీయవలెననియు చెప్పినాడు. భోజనము మూర్ఛ రాకుండుటకు, మద్యము నొప్పి తెలియకుండుటకు. అది అధర్మమని ఋషులకు తోచలేదు.

సుశ్రుతుని పేరెత్తితిని గాన ఇంకొక మాట. పైపన్ను తీయించిన కంటిచూపు పోవునని మన పల్లెలలోనేగాక పట్టణములలోను నమ్ముదురు. ఇది ఉత్త గాలిమాట కాదు. పైపన్ను కదలుచున్నను తీయరాదని, తీసినచో రక్తస్రావము మితిమీరి కన్ను పోవుటయు, ముఖము వంకరవోవుటయు కలుగవచ్చునని సుశ్రుతసంహితలోనే యున్నది. రక్తమును అరికట్టు సాధనములు తక్కువగ నున్న కాలమున అట్టి హెచ్చరిక చేయుట వైద్యుని వివేకము. సాధనములు మారినవి; హెచ్చరిక మాత్రము కారణమును జారవిడిచి, భయముగ మిగిలి, రెండువేల యేండ్లు నడచివచ్చినది. చూపునకు సంబంధించిన నాడి వేఱు, పండ్లకు సంబంధించిన నాడి వేఱు. పన్ను తీయుటచే చూపు పోదు. తీయక వదలిన పంటియందలి చీము, మిక్కిలి అరుదుగనే యైనను, కంటివెనుకకు ప్రాకి ప్రాణాపాయము కలిగించుట మాత్రము వైద్యులెరిగిన విషయము. క్రిందిదవడ చీము మెడకు దిగి శ్వాసమార్గమును మూసివేయుట కూడ కలదు. మ్రింగుటకు కష్టమగుట, నోరు తెరువరాకపోవుట, వాపుతో జ్వరము వచ్చుట కనబడినచో, ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. భయమును గూర్చిన విచారము తరువాత చేసికొనవచ్చును.

అంత ముప్పు లేనివారు నెమ్మదిగ మొదలిడవచ్చును. మొదటిదినము చికిత్సకని పోనక్కరలేదు. చూపించుకొని వచ్చుటకే పోవచ్చును. "నాకు భయము" అని వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడరాదు. ఆ మాటతో భయము తన వేషము విడిచి తన పేరు తాను చెప్పుకొనినదగును. చెయ్యెత్తు ఒప్పందము ముందుగనే చేసికొనవలెను. ఉదయమే పోవుట మేలు. సాయంకాలము వరకు వేచియున్నచో దినమంతయు మనస్సు కల్పనలు చేయును. కుర్చీలో నున్నప్పుడు నిశ్వాసమును ఉచ్ఛ్వాసముకంటె దీర్ఘముగ విడుచుచుండిన గుండెదడ తగ్గును. ఇష్టమంత్రము గలవారు దానిని ఆ నిశ్వాసముతో జోడింపవచ్చును. నొప్పి పోవలెనని జపింపరాదు; నొప్పి పోగొట్టుటకు మందున్నది.

పిల్లల విషయమున మాత్రము పెద్దలతో కొంచెము కఠినముగ చెప్పవలసియున్నది. "అల్లరి చేసితివా, డాక్టరు వచ్చి సూది వేయును", "అబద్ధమాడితివా, పండ్లు రాలగొట్టెదను" — ఈ మాటలు మన యిండ్లలో ప్రతిదినము వినవచ్చును. బూచివానికి రూపము లేదు గనుక పిల్లవాడు కొన్నాళ్లకు వానిని మఱచును. డాక్టరునకు రూపమున్నది, వీధి చివర ఇల్లున్నది. తల్లి నేర్పిన భయమును నలువది యేండ్ల వయస్సున ఆ కుమారుడు వైరాగ్యమని పిలుచును. వైద్యునియొద్దకు కొనిపోవునప్పుడు, "ఏమియు కాదు, నొప్పియే యుండదు" అని చెప్పుటయు మంచిది కాదు. సూది గుచ్చగానే ఆ మాట అబద్ధమని వానికి తెలియును, ఇక ఆ యింటిలో మఱి యే మాటను నమ్మడు. చీమ కుట్టినట్లుండునని, తరువాత పెదవి లావైనట్లు తోచునని, రెండు మూడు గంటలకు మామూలగునని చెప్పిన చాలును. పెదవి మొద్దుబారియున్నంతసేపు వానికి తినుటకేమియు పెట్టరాదు, తెలియక కొరుకుకొనును.